మెయిల్ మీది, పాస్‌వర్డ్ నెట్ సెంటర్‌ది

తెలంగాణలో చాలా కాలేజీల్లో డిగ్రీ సీటు కావాలంటే 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. ఆంధ్రప్రదేశ్‌లోనూ డిగ్రీ ప్రవేశాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. ఇంటర్ పాసైన అమ్మాయి పదో తరగతి మెమో, టీసీ, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని నాన్నతో కలిసి నెట్ సెంటర్‌కు వెళ్తుంది. అక్కడి కుర్రాడు పక్కన ఇద్దరితో మాట్లాడుతూనే చకచకా ఫారం నింపేస్తాడు. ‘మెయిల్ ఐడీ ఉందామ్మా?’ అని అడుగుతాడు. లేదంటే తనే ఒకటి తెరిచేస్తాడు. పాస్‌వర్డ్ తన దగ్గరున్న నోట్‌బుక్కులో రాసుకుంటాడు. రికవరీ నంబరు అడిగిన చోట తన ఫోన్ నంబరే కొట్టేస్తాడు. తండ్రీకూతుళ్లు అడిగినంత ఇచ్చి, ప్రింటు తీసుకుని బస్సెక్కుతారు.

మూడేళ్లలో ఆ మెయిల్‌కు చాలా వస్తాయి. స్కాలర్‌షిప్ కబురు, పరీక్ష ఫీజు రసీదు, పీజీ ప్రవేశ పరీక్ష హాల్ టికెట్, చివరికి ఉద్యోగం ఇస్తామన్న కంపెనీ ఉత్తరం కూడా. అప్పటికి పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఓటీపీ వెళ్లే నంబరు ఆ కుర్రాడిది. అతను సెంటర్ ఎత్తేసి ఏ హైదరాబాద్‌లోనో డెలివరీ పనిలో చేరిపోయి ఉంటాడు. నెట్ సెంటర్ వాళ్లను తిట్టడానికి ఈ మాట అనడం లేదు. వాళ్లే లేకపోతే మన ఊళ్లలో సగం మంది పిల్లలకు సీటు వచ్చేది కాదు. ఫారం వాళ్లు నింపినా ఫర్వాలేదు, ఖాతా తాళం మాత్రం మీ చేతిలో ఉండాలి.

కాబట్టి విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన వాళ్లెవరైనా, విద్యార్థి కానీ కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంట్ కానీ, కోడింగూ కృత్రిమ మేధా జోలికి పోకముందే ఒక పూట ఈ పనికి కేటాయించాలి. మీ గూగుల్ ఖాతాలోకి వెళ్లి సెక్యూరిటీ పేజీ తెరవండి. రికవరీ ఫోన్ ఎవరిది? రికవరీ మెయిల్ ఎవరిది? ‘మీ డివైజ్‌లు’ అన్న చోట మీకు తెలియని కంప్యూటర్ ఏదైనా ఉందా? ఉంటే అక్కడి నుంచే సైన్ అవుట్ చేయండి. పాస్‌వర్డ్ మార్చండి. ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో కలిపి రాస్తే పొడవూ ఉంటుంది, గుర్తూ ఉంటుంది. పుట్టిన సంవత్సరం, ఇంటిపేరు, ఫోన్ నంబరు వద్దు. ఆ తర్వాత రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోండి. గూగుల్ పది బ్యాకప్ కోడ్లు ఇస్తుంది. వాటిని ప్రింటు తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకుంటే ఫోన్ పోయిన రోజున కాళ్లూ చేతులూ ఆడకుండా ఉండే పరిస్థితి రాదు.

పాస్‌వర్డ్ కాగితం మీద రాయొద్దని అందరూ చెబుతారు. నేను అంత గట్టిగా చెప్పను. ఇంట్లో బీరువాలో ఉన్న పుస్తకాన్ని ఏ హ్యాకరూ ఎక్కడి నుంచో తెరవలేడు. ప్రమాదమంతా ఆఫీసు సెక్షన్‌లో మానిటర్ అంచుకు అంటించి, వచ్చేపోయే వాళ్లందరికీ కనిపించే పసుపు చీటీతోనే.

ఇక అసలు సంగతి. ఫోన్ మీద విద్యార్థుల వేళ్లు పరిగెత్తే తీరు చూసి వాళ్లకు కంప్యూటర్ వచ్చేసిందనుకుంటాం. రీల్ తీసి, కత్తిరించి, పాట అతికించి నిమిషంలో పెట్టేస్తారు మరి. వాళ్లలో ఒక అమ్మాయిని ప్రాజెక్టు రిపోర్టు మెయిల్ చేయమనండి.

‘ఫైల్ ఎక్కడ సేవ్ చేశావమ్మా?’

‘వాట్సాప్‌లో ఉంది సార్.’

‘వాట్సాప్‌లో సరే, కంప్యూటర్‌లో ఎక్కడుంది?’

‘పైకి జరిపితే వస్తుంది సార్.’

ఆమె తప్పేమీ లేదు. ఫోన్‌లో ఫైళ్లు ఎక్కడుంటాయో కనిపించవు, యాప్‌లే కనిపిస్తాయి. ఫోల్డర్ అనే ఊహే లేకుండా పెరిగిన తరం ఇది. మరోవైపు ఆఫీసు సెక్షన్‌లో బల్ల దగ్గర కూర్చున్న సూపరింటెండెంట్ గారిని చూడండి. పాతికేళ్లుగా ఇన్‌వర్డ్, ఔట్‌వర్డ్ రిజిస్టర్లు నడిపారు. వచ్చిన ప్రతి తపాలుకూ నంబరు వేశారు, తేదీ వేశారు, ఏ బీరువాలో ఏ వరసలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలరు. కంప్యూటర్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ‘ఇవన్నీ పిల్లల పనులు బాబూ’ అని మౌస్ వదిలేస్తారు. నిజానికి డిజిటల్ పనిలో కష్టమైన సగం ఆయనకు ఎప్పుడో వచ్చు. ఏ కాగితం ఎక్కడుంది, ఎవరికి వెళ్లింది, ఏది తాజాది అన్న క్రమశిక్షణ అది. విద్యార్థికి వచ్చింది మిగతా సగం, భయం లేని వేళ్లు. విశ్వవిద్యాలయాల్లో ఈ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టే ఏర్పాటు లేదు. ఒకరికి ఫ్రెషర్స్ ఓరియెంటేషన్, మరొకరికి రెండు రోజుల వర్క్‌షాప్. ఎవరి దారి వారిది.

ఫైలు పేర్ల సంగతే తీసుకోండి. ఫోన్ తీసిన ఫొటోకు అంకెల తోక ఉంటుంది, స్కానర్ ఇచ్చిన దానికి ‘స్కాన్ 0001’ అని ఉంటుంది, థీసిస్‌కు ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘ఇదే ఫైనల్’ అని ఉంటుంది. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత తేదీ, ఆపైన విషయం, చివర ఇంటిపేరు: ఈ వరసలో పెట్టి చూడండి. కంప్యూటర్ అక్షరక్రమంలో సర్దినప్పుడు పాతవి పైన, కొత్తవి కింద వాటంతటవే నిలబడతాయి. 20250612 అని మొదలైన టీసీ ఏదో వెతకాల్సిన పని ఉండదు. పోర్టళ్లలో ఎక్కించే ఫైళ్లకు మాత్రం పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, మధ్యలో అండర్‌స్కోర్‌తో ఉంటే మంచిది. తెలుగు పేరునూ, ఖాళీలున్న పేరునూ తిప్పికొట్టే సైట్లు ఇంకా ఉన్నాయి.

అలాగే సైజు. చాలా పోటీ పరీక్షల దరఖాస్తుల్లో ఫొటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు అడుగుతారు. ఫోన్ తీసే ఫొటో దానికి ఎన్నో రెట్లు పెద్దది. చివరి తేదీ రాత్రి పదకొండింటికి ఈ తేడా తెలిస్తే నెట్ సెంటర్ కూడా మూసేసి ఉంటుంది. ఫొటో, సంతకం, మెమోలు ఒకసారి తీరిగ్గా పగటి వెలుతురులో తీసి, పెద్దదీ చిన్నదీ రెండు సైజుల్లోనూ చేసి, ఒకే ఫోల్డర్లో పెట్టుకుంటే డిగ్రీ అంతా అదే పనికొస్తుంది. పత్రాలను పీడీఎఫ్‌గా స్కాన్ చేసే సౌకర్యం గూగుల్ డ్రైవ్ యాప్‌లోనే ఉంది. 2020లో నిషేధానికి గురైన క్యామ్‌స్కానర్‌ను ఎక్కడెక్కడినుంచో తెచ్చుకుని వాడేవాళ్లు ఆ పని మానుకోవచ్చు.

ఇప్పుడు ఎక్సెల్. దీని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే విద్యార్థి డబ్బు నిజంగా పోయేది ఇక్కడే. డిపార్ట్‌మెంట్‌లో స్కాలర్‌షిప్ జాబితా తయారవుతోంది అనుకోండి. పేరు, పుట్టిన తేదీ, ఆధార్, బ్యాంకు ఖాతా, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్. ఎక్సెల్‌కు మీరు కొట్టింది లెక్కకు పనికొచ్చే సంఖ్యా, మనిషిని గుర్తుపట్టే నంబరా అన్నది తెలియదు. అంకెలు కనిపిస్తే చాలు, సంఖ్య అనుకుంటుంది. పన్నెండంకెల ఆధార్ కొట్టి ఎంటర్ నొక్కగానే కొన్ని అంకెలూ, మధ్యలో చుక్కా, చివర ‘ఈ ప్లస్ 11’ అనీ చూపిస్తుంది. అది పైకి కనిపించే తేడా మాత్రమే, లోపల నంబరు భద్రంగా ఉంటుంది. అయితే ఆ షీటును అలాగే సీఎస్‌వీగా సేవ్ చేసి పోర్టల్‌లో ఎక్కిస్తే పైకి కనిపించిందే వెళ్తుంది, అసలు అంకెలు పోతాయి.

పదహారంకెల ఖాతా నంబర్ల దగ్గర ఇంకా ఘోరం. ఎక్సెల్ పదిహేను అంకెల వరకే గుర్తుపెట్టుకుంటుంది. పదహారో అంకె ఏదైనా సరే, సున్నా చేసి ఊరుకుంటుంది. ఎర్ర గీత రాదు, హెచ్చరిక రాదు. జాబితా ప్రింటు నోటీసు బోర్డులో పెట్టాక ఏ కుర్రాడో వచ్చి ‘సార్, నా అకౌంట్ చివర సున్నా కాదండీ, ఏడు’ అంటాడు. అలా ఒకడు వచ్చి చెప్పాడంటే, చూసుకోని వాళ్లు మిగతా ఎందరో ఉన్నట్టే. ఖాతా నంబరు మొదట్లో సున్నాలుంటే వాటినీ మింగేస్తుంది. పరిష్కారం చిన్నదే: నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరస మొత్తం ఎంచుకుని ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’ అని మార్చాలి. కొట్టేశాక మార్చితే పోయిన అంకె తిరిగి రాదు. ఐఎఫ్‌ఎస్‌సీలో పదకొండు అక్షరాలుంటాయి. అందులో అయిదోది ఎప్పుడూ సున్నాయే. అక్కడ ‘ఓ’ అక్షరం కొట్టిన జాబితాలు వెనక్కి వస్తూనే ఉంటాయి.

పుట్టిన తేదీలది ఇంకో తమాషా. కంప్యూటర్‌లో తేదీ పద్ధతి అమెరికాదై ఉంటే, 03-04-2005 అని కొట్టినప్పుడు మనం ఏప్రిల్ మూడు అనుకుంటాం, అది మార్చి నాలుగు అనుకుంటుంది. 13-04-2005 కొడితే పదమూడో నెల లేదు కనుక తేదీగానే తీసుకోదు, మామూలు మాటలా వదిలేస్తుంది. గుర్తుపట్టడం సులువే: తేదీగా తీసుకున్నవి గడిలో కుడివైపుకు జరుగుతాయి, మాటగా వదిలేసినవి ఎడమవైపు ఉంటాయి. ఒకే వరసలో కొన్ని కుడికీ కొన్ని ఎడమకీ ఉన్నాయంటే సగం పుట్టినరోజులు తప్పు. విండోస్‌లో రీజియన్ సెట్టింగ్‌ను ఇండియాగా మార్చి, ఆ తర్వాతే మొదలుపెట్టాలి.

మార్కుల జాబితాను సర్దేటప్పుడు ఒక్క నిలువు వరసనే ఎంచుకుని ‘సార్ట్’ నొక్కితే రోల్ నంబర్లు మారి మార్కులు అక్కడే నిలబడిపోతాయి. ఎక్సెల్ అప్పుడు ‘మిగతా వరసలూ కలుపుకోనా?’ అని అడుగుతుంది. చాలామంది చదవకుండా కొట్టేసేది ఆ పెట్టెనే. అలాగే శీర్షిక అందంగా కనపడాలని గడులు కలిపేసే అలవాటు మన ఆఫీసుల్లో బలంగా ఉంది. కలిపిన గడులున్న షీటు సరిగా సార్ట్ అవదు, ఫిల్టర్ కూడా సరిగా పని చేయదు. అందం కావాలంటే ప్రింటు కోసం వేరే షీటు చేసుకోండి. అసలు షీటు మాత్రం పైన ఒకే ఒక్క శీర్షిక వరస, కింద ఒక్కో మనిషికి ఒక్కో అడ్డ వరస, అంతే. ఈ క్రమం కుదిరితే వీలుకప్, పివట్ టేబుల్ లాంటివి మధ్యాహ్నం భోజనం తర్వాత నేర్చుకోవచ్చు. కుదరకపోతే ఎన్ని ఫార్ములాలు వచ్చినా వృథా. రెండు జాబితాల్లో ఒకే పేరు ఉన్నా ‘దొరకలేదు’ అని ఎక్సెల్ మొండికేస్తే, పేరు చివర కనపడని ఖాళీ ఉందేమో చూడండి. ‘ట్రిమ్’ అనే ఫార్ములా ఉన్నది అందుకే.

తెలుగులో పని చేసేవాళ్లకు వేరే తలనొప్పి ఉంది. డీటీపీ సెంటర్లలో, కొన్ని ఆఫీసుల్లో అను ఫాంట్లతో టైపు చేయడం ఇంకా నడుస్తోంది. పత్రికలూ పుస్తకాలూ అచ్చు వేయడంలో ఆ ఫాంట్లు చేసిన సేవ తక్కువది కాదు. కానీ ఆ పద్ధతిలో కంప్యూటర్ లోపల ఉండేది తెలుగు కాదు, ఇంగ్లిష్ అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు. ఆ ఫాంట్ లేని ఫోన్‌లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. వెతికితే దొరకదు. యూనికోడ్‌లో కొట్టిన తెలుగు ఏ ఫోన్‌లోనైనా, ఏ దేశంలోనైనా తెలుగుగానే కనిపిస్తుంది. విండోస్‌లో తెలుగు కీబోర్డు విడిగా కొనాల్సిన పని లేదు, సెట్టింగ్స్‌లో భాష కలుపుకుంటే ఇన్‌స్క్రిప్ట్ వస్తుంది, విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే తెలుగూ ఇంగ్లిషూ మారుతుంటాయి. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. కొన్నాళ్లు విసుగ్గా ఉంటుంది కానీ రోజూ పేజీలకొద్దీ కొట్టే ఉద్యోగికి అదే నిలకడైన దారి. అప్పుడప్పుడు రాసేవాళ్లకు ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే పద్ధతి చాలు. ఫోన్‌లో జీబోర్డుకూ, గూగుల్ డాక్స్‌కూ తెలుగులో చెబితే రాసే సౌకర్యం ఉంది. చెప్పి రాయించుకుని దిద్దుకోవడం పెద్ద మేష్టార్లకు బాగా నప్పుతుంది. పాత టైపు ప్రతిని స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరిస్తే అక్షరాలు లేచి వస్తాయి. వత్తులూ, సున్నాలూ మాత్రం కళ్లద్దాలు పెట్టుకుని సరిచూడాల్సిందే.

యూనికోడ్‌లో కొట్టమనడం సోకు కోసం కాదు. చూపు లేని విద్యార్థి ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో, కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏతో చదువుకుంటాడు. రెండూ ఉచితమే. యూనికోడ్‌లో ఉన్న సర్క్యులర్‌ను అవి చదివి వినిపిస్తాయి. అదే సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం పెట్టించి, ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడితే ఆ విద్యార్థి చేతికి వచ్చేది ఖాళీ బొమ్మ. సంతకం తప్పనిసరైతే బొమ్మ కింద నాలుగు వాక్యాల్లో విషయం టైపు చేయండి. ఆ నాలుగు వాక్యాలు మిగతా వాళ్లకూ మేలే: పరీక్షల సీజన్‌లో ‘వాయిదా’ అంటూ తిరిగే నకిలీ సర్క్యులర్లు కూడా ఫొటోలుగానే వస్తాయి. విశ్వవిద్యాలయం సైటులో లేని వాయిదా వాయిదా కాదు. ఈ మాట గ్రూపు పైన పిన్ చేసి పెట్టేయండి.

క్యాంపస్ గేటు ఎదురుగా ఉండే జిరాక్స్ షాపు దగ్గర కాసేపు నిలబడితే మన అలవాట్లన్నీ కనిపిస్తాయి. గోడ మీద ఒక నంబరు రాసి ఉంటుంది. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, మార్కుల మెమో, అన్నీ ఆ నంబరుకు వాట్సాప్ చేసి ప్రింటు తీయించుకుంటాం. పని అయ్యాక అవి ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతాయి. ఎన్నాళ్లుంటాయో, ఎవరు చూస్తారో షాపతనికీ తెలియదు. ఆధార్ ప్రతి ఇవ్వాల్సిన చోట, ఒప్పుకుంటే, మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. ఆధార్ సైటులోనే దొరుకుతుంది, చివరి నాలుగంకెలు తప్ప మిగతావి కప్పేసి ఉంటాయి. షాపు కంప్యూటర్‌లో మీ మెయిల్ తెరవాల్సి వస్తే ఇన్‌కాగ్నిటో కిటికీలో తెరవండి. ప్రింటు అయ్యాక ‘దిగిన ఫైలు తీసేయ్ అన్నా’ అని నిలబడి తీయించండి. మొహమాటం అక్కర్లేదు, చాలామంది వెంటనే తీసేస్తారు.

ప్రభుత్వ యాప్ డిజిలాకర్ ఈ బాధ కొంత తగ్గిస్తుంది. కానీ అందులో ఒక తేడా చాలామందికి తెలియదు. బోర్డో, విశ్వవిద్యాలయమో, ప్రభుత్వ శాఖో నేరుగా జారీ చేసిన పత్రానికి 2016 నిబంధనల ప్రకారం అసలు కాగితంతో సమానమైన విలువ ఉంది. మీరు ఫొటో తీసి అందులో ఎక్కించుకున్న దానికి ఆ విలువ లేదు, అది మీ ప్రతి మాత్రమే. రెండూ వేర్వేరు చోట్ల కనిపిస్తాయి, గమనించండి. 2021లో వచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఖాతా కూడా డిజిలాకర్‌తోనే ముడిపడి ఉంది. ‘స్వయం’ ఆన్‌లైన్ కోర్సుల క్రెడిట్లైనా, విశ్వవిద్యాలయం మారినప్పటి క్రెడిట్లైనా అందులోనే జమ అవుతాయి. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో ఒకలా ఉన్నవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే సరిచేసుకోవాలి. ఇంటిపేరు పొట్టిగా ఒకచోట, పూర్తిగా ఒకచోట ఉండటం మన రెండు రాష్ట్రాల్లో మామూలే. యంత్రానికి ఆ రెండు పేర్లవాళ్లూ వేర్వేరు మనుషులు.

పరిశోధక విద్యార్థులకు రెండు మాటలు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో దేశంలోని థీసిస్‌లు ఉచితంగా చదవొచ్చు. మీ అంశం మీద మీ పక్క జిల్లా విశ్వవిద్యాలయంలో ఇప్పటికే పని జరిగిందేమో చూడకుండా సినాప్సిస్ రాయకండి. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కింద ముప్పై ప్రచురణ సంస్థల 13,000 దాకా జర్నళ్లు ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు అందుబాటులోకి వచ్చాయి. లైబ్రరీలో అడిగి ఇంటి నుంచి లాగిన్ అయ్యే దారి తెలుసుకోండి. మా ఊరి విశ్వవిద్యాలయంలో ఏముంటుందిలే అనుకోవడం ఇక చెల్లదు. రిఫరెన్సులు సర్దుకునే జొటెరో సాఫ్ట్‌వేర్ ఉచితం. యూజీసీ 2018 నిబంధనల్లో ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు, 40 దాటితే ఏడాది పాటు మళ్లీ సమర్పించనివ్వరు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. శాతం తగ్గించడానికి మాటలు అటూ ఇటూ మార్చే సాఫ్ట్‌వేర్లు వాడి, ‘రక్తపోటు’ను ‘నెత్తుటి ఒత్తిడి’ చేసుకున్న అధ్యాయాలు గైడ్లకు బాగానే ఎదురవుతున్నాయి.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక కంప్యూటర్ చదువు గురించిన చర్చంతా దాని చుట్టూనే తిరుగుతోంది. నా అభిప్రాయం కొంచెం మోటుగానే చెబుతాను. మీకు తెలిసిన పనిని తొందరగా చేయించుకోవడానికి అది మంచి సహాయకుడు. మీకు తెలియని విషయంలో నమ్మకూడని సాక్షి. ఎక్సెల్ ఫార్ములా ఎందుకు తప్పు చూపిస్తోందో అడగండి, ఇంగ్లిష్‌లో దరఖాస్తు చిత్తుప్రతి రాయించుకోండి, పాఠం అర్థం కాకపోతే మరోలా చెప్పమనండి. పుస్తకాల పేర్లు, సంవత్సరాలు, వ్యాసాల రిఫరెన్సులు ఇస్తే మాత్రం ఒక్కొక్కటీ లైబ్రరీలోనో, జర్నల్ పేజీలోనో కళ్లారా చూడండి. లేని వ్యాసానికి ఉన్న జర్నల్ పేరు తగిలించి ఇవ్వడం దానికి అలవాటు. తెలుగు సాహిత్యం గురించి అడిగితే కవినీ కావ్యాన్నీ తారుమారు చేసి కూడా అదే ధీమాతో చెబుతుంది. ఉద్యోగులకు ఇంకో హెచ్చరిక: విద్యార్థుల ఆధార్ నంబర్లున్న జాబితానో, జవాబు పత్రాలనో దానికి ఎక్కించొద్దు. అవి మీ సొత్తు కావు.

డబ్బు మోసాల గురించి ఎక్కువ చెప్పను, పేపర్లో రోజూ వస్తూనే ఉన్నాయి. యూపీఐలో మీకు డబ్బు రావడానికి పిన్ నంబరు అక్కర్లేదు. పెళ్లి శుభలేఖ ఏపీకే అనే యాప్ ఫైలుగా రాదు. డిజిటల్ అరెస్ట్ అనేది చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణంలోనే 1930కి ఫోన్ చేయాలి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలి. ఆలస్యమైన కొద్దీ డబ్బు ఖాతాలు మారిపోతుంది. సిగ్గుపడి ఇంట్లో చెప్పకుండా రెండు రోజులు దాచుకునే వాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు.

మరి ఇవన్నీ ఎలా నేర్చుకోవాలి? సెమినార్ హాల్లో ప్రొజెక్టర్ వెలిగించి, నూట యాభై మందికి ఒకేసారి ఎక్సెల్ చూపించి, సర్టిఫికెట్ ఇచ్చి ఫొటో దిగే వర్క్‌షాప్‌ల మీద నాకు నమ్మకం లేదు. చేయి మౌస్ మీద లేకుండా ఈ విద్య రాదు. దానికన్నా పదిహేను రోజులకోసారి ఒక గంట, ఒకే సెక్షన్ నుంచి నలుగురైదుగురు, ఎదురుగా ఆ సెక్షన్‌లో ఆ రోజు చేయాల్సిన అసలు ఫైలు ఉంటే చాలు. ఫీజు బకాయిల జాబితా తీసే వారంలో ఫిల్టర్ నేర్పాలి, మార్కులు ఎక్కించే వారంలో తప్పులు పట్టడం నేర్పాలి. పక్కన కంప్యూటర్స్ చదివే సీనియర్ విద్యార్థిని కూర్చోబెట్టండి. ఆమె మౌస్ పట్టుకోకూడదు, చెప్పాలి అంతే. ‘మేడమ్, కుడివైపు బటన్ నొక్కండి’ అని నోటితో చెప్పడం నేర్చుకున్న విద్యార్థి రేపు ఏ ఉద్యోగంలోనైనా పనికొస్తుంది. సూపరింటెండెంట్ గారు ఆమెకు బదులుగా ఒక ఫైలు ఎలా నడుస్తుందో, నోట్ ఎలా రాస్తారో, ఉత్తరంలో ‘రిఫరెన్స్’ ఎందుకు ముందు రాస్తారో చెబుతారు. ఈ-ఆఫీస్ వచ్చిన చోట్ల ఆ జ్ఞానం లేని కుర్ర ఉద్యోగులే ఎక్కువ తడబడుతున్నారు.

ఇంట్లో కూర్చుని నేర్చుకోదలచిన వాళ్లకు ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో లిబ్రేఆఫీస్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి. ఒక్కోటీ పది నిమిషాలు అటూ ఇటూ. లిబ్రేఆఫీస్ ఉచితం కాబట్టి, దొంగ ఎక్సెల్ వేయించుకుని వైరస్ తెచ్చుకునే అవసరమూ ఉండదు. నెలకు ఒక్క విషయమే పెట్టుకోండి. అది రోజువారీ పనిలో కలిసిపోయాకే రెండోదానికి వెళ్లండి.

చివరగా వెళ్లిపోయేవాళ్ల సంగతి. విశ్వవిద్యాలయం ఇచ్చిన మెయిల్ చదువు ముగిసిన కొన్నాళ్లకు మూసేస్తారు. అందులోనే ఉన్న ప్రాజెక్టు, ఫొటోలు, గైడ్ రాసిన సూచనలు దాంతోపాటు పోతాయి. ఆఖరి సెమిస్టర్‌లోనే గూగుల్ టేకౌట్‌తో సొంత ఖాతాకో, హార్డ్ డిస్క్‌కో మార్చుకోవాలి. ఉద్యోగ దరఖాస్తుల్లో మొదటి నుంచీ సొంత మెయిలే ఇవ్వాలి. రిటైరయ్యే, బదిలీ అయ్యే ఉద్యోగి ఛార్జి అప్పగించేటప్పుడు బీరువా తాళాలతో పాటు ఒక కాగితం రాయాలి: ఏ పోర్టల్, ఏ లాగిన్ పేరు, ఓటీపీ ఏ నంబరుకు వెళ్తోంది, సాలుకోసారి రెన్యువల్ ఏ నెలలో, ఫైళ్లు ఏ ఫోల్డర్లో. పాస్‌వర్డులు ఆ కాగితం మీద వద్దు, వచ్చినవాళ్ల ఎదుటే కూర్చుని మార్చి ఇవ్వాలి. ఓటీపీ సొంత ఫోన్‌కు వస్తూ ఉంటే ఆ నంబరు మార్పించాకే రిలీవ్ కావాలి. లేకపోతే కొత్త సూపరింటెండెంట్, పరీక్ష ఫీజు గడువు రోజున, మనవడిని ఎత్తుకుని గుడికి వెళ్లిన పాత సూపరింటెండెంట్‌కు ఫోన్ చేసి ‘సార్, ఓటీపీ చెప్పండి’ అని బతిమాలుకోవాల్సి వస్తుంది. అవతల ఆయనేమో అపరిచితులకు ఓటీపీ చెప్పకూడదని మనం ఇచ్చిన శిక్షణలోనే నేర్చుకుని ఉంటారు.